రెండు మిల్లీమీటర్లు

జూన్ 30

ఈ రోజు మళ్లీ డ్యూటీలో చేరాను. ఎష్మురాద్ పోయి తొమ్మిది రోజులు.

మొగుడు పోయిన మనిషి నాలుగు నెలలు గడప దాటకూడదని వీధిలో ఆడవాళ్లు గుసగుసలు. వాళ్ల నోళ్లు మా అత్తగారే మూయించింది. "అక్కడ పసిగుడ్లు ఉడికిపోతుంటే ఇది ఇక్కడ కూచుని మీ ముఖాలు చూడాలా?" అంది. ఆమెను నేనూ అమ్మా అన్నట్టు ఎనా అనే పిలుస్తాను, అతను పిలిచినట్టే. ఆమె మా ఆసుపత్రి లాండ్రీలో పిల్లల గుడ్డలు మడతపెడుతుంది. నిన్ననే పనికి వెళ్లడం మొదలుపెట్టింది. ఆరింటి మొదటి బస్సుకు తను వెళ్తుంది, ఎనిమిదింటి బస్సుకు నేను.

సంతాపానికి వేసుకునే నీలం గౌను తొడుక్కుని వెళ్లాను.

నా గది మూడో అంతస్తులో ఉంది. ఆసుపత్రిని చల్లబరిచే ఐసు తొట్టి కింద పెరట్లో, లాండ్రీ పక్కన. ఆ గదికి నేను వెళ్లను, వెళ్లాల్సిన పనీ లేదు. నీటిమట్టం, నీటి వేడి, పంపు, అన్నీ తెర మీదే కనిపిస్తాయి. రెండేళ్లు తల పగలగొట్టుకుని ఈ కంప్యూటర్ మోడల్ రాసింది అందుకేగా.

ఆ తొట్టి మెకానిక్ అతనే. పోయింది కూడా ఆ గదిలోనే. గుండె ఆగిందట. తొట్టి మూత మీద తల ఆనించి కూర్చున్నట్టే ఉన్నాడట. నేను చూడలేదు.

జులై 1

45 డిగ్రీలు. చిల్లా మొదలై వారం అయింది. నలభై రోజుల ఎండ ఇంకా చాలా ఉంది.

జులై 2

సాయంత్రం ఎనిమిది దాకా రావాల్సిన ఐసు 7:10కే అయిపోయింది. అంటే నీళ్లు ఆరు డిగ్రీలు దాటాయి. తెర మాత్రం ఇంకా ఏడోవంతు ఐసు మిగిలిందంటోంది. సెన్సర్ రొద అయి ఉంటుంది, అంకెల ఉత్త తడబాటు. ఫిల్టర్ కాస్త పెంచాను. గీత మెత్తగా వచ్చింది.

ఆదివారమైనా ఎనా పనికి వెళ్లింది. ఇంట్లో ఉండలేకపోతోందేమో.

జులై 5

కుల్మత్ అకా, అంటే కుల్మత్ అన్న, ఎవరో పెద్దమనుషుల్ని వెంటేసుకొచ్చాడు. ఆసుపత్రి చీఫ్ ఇంజనీరు కదా, నా తెర చూపించడమంటే ఆయనకు కొత్త కారు చూపించినంత సంబరం.

"హోసియత్, చెప్పమ్మా వీళ్లకి!"

చెప్పాను. మధ్యాహ్నం రెండు నుంచి ఎనిమిది దాకా మా లైనుకు కరెంటు తగ్గిస్తారు, కంప్రెసర్ నడవదు. అందుకే చల్లబడ్డ వేళల్లో గొట్టాల చుట్టల మీద నాలుగు టన్నుల ఐసు కట్టించి పెట్టుకుంటాం. ఎండవేళ ఆ ఐసునీళ్లే ఆపరేషన్ గదులకూ, నెలలు నిండని పిల్లల గదికీ తిరుగుతాయి. ఎంత ఐసుందో కొలవడానికి నీటిమట్టమే త్రాసు. ఐసు కట్టేకొద్దీ ఉబ్బి మట్టం పైకొస్తుంది, కరిగితే దిగుతుంది. డెబ్బై మిల్లీమీటర్లు పెరిగిందంటే తొట్టి నిండినట్టు. కంప్రెసర్ తనంతట తనే ఆగుతుంది.

"మనిషి అవసరమే లేదన్నమాట," అన్నాడు ఒకాయన.

కుల్మత్ అకా గొంతు సవరించుకుని కిటికీలోంచి బయటకు చూశాడు. నేను మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాను. అవసరం లేదండీ, అన్నాను.

జులై 8

ఐసు 6:10కే అయిపోయింది. తెర లెక్కన ఇంకా ముప్పై ఒక్క శాతం ఉంది.

ఐసు ఉంది, కరగడం లేదు. అంతే అయి ఉండాలి. చుట్టల మధ్య ఒకదానికొకటి అతుక్కుపోయి నీళ్లు తగలడం లేదేమో. మోడల్‌లో కరిగే వేగం అంకె తగ్గించాను. ఇప్పుడు నా గీతా అసలు గీతా ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. చూడముచ్చటగా ఉంది.

పిల్లల గది నుంచి సలోమత్ ఓపా ఫోన్ చేసింది. ఆ గది డాక్టరు, మా అందరికీ ఓపా, పెద్దక్క. ముప్పై ఏళ్ల సర్వీసు, నోట్లో మిరపకాయ.

"ఏమే, ఆరు దాటాక గదిలో ముప్పై డిగ్రీలు. ఇంక్యుబేటర్ వేడి చెయ్యగలదు గానీ చల్లార్చలేదని నీకు తెలుసా?"

"తెలుసు ఓపా. సరిచేశాను."

"ఏం సరిచేశావు?"

అంకె సరిచేశానని చెప్పలేదు.

జులై 10

అతని నోటుపుస్తకం నా డ్రాయర్లోకి ఎలా వచ్చిందో. లాండ్రీ వాళ్లు తెచ్చి పెట్టి ఉంటారు. ప్రతి శుక్రవారం ఒక పంక్తి. "మూడు వేళ్లు." "మూడు వేళ్లు, ఎడమవైపు రెండున్నర." తొట్టిలో భుజం దాకా చెయ్యి దూర్చి, చుట్ట మీద ఐసు ఎన్ని వేళ్ల మందం ఉందో తడిమి రాసేవాడు. సెన్సర్ ఉందిగా అంటే, "నీ కంప్యూటర్‌కి చలి వేస్తుందా? నాకేస్తుంది," అనేవాడు. ఆ శుక్రవారాల్లో ఇంటికొచ్చాక ఎర్రబడిన చెయ్యి నా మెడ మీద పెట్టేవాడు.

జూన్ 16 తర్వాత ఖాళీ.

2:40 గురించి రాయను.

జులై 11

5:40.

జులై 13

గురువారం. ప్రార్థనకు ఆడవాళ్లొచ్చారు. అందరూ ఏడ్చారు. నేను టీ పోశాను, రొట్టెలు తుంచి పెట్టాను, చెప్పులు సర్దాను. "ఏడవ్వేం తల్లీ, లోపల పెట్టుకుంటే రాయైపోతుంది," అంది పక్కింటామె. ఏడవాలని కూర్చున్నాను కూడా. రాలేదు. ఎవరో చెప్పిన కథలా ఉంది తప్ప నాకు జరిగినట్టు లేదు.

ఎనా ఏడవడం కూడా నేను చూడలేదు. చెట్టంత కొడుకు పోయాడు. ఉదయాన్నే లేస్తుంది, తలగుడ్డ బిగిస్తుంది, బస్సెక్కుతుంది.

జులై 14

5:10. కరిగే వేగం అంకె మళ్లీ తగ్గించాను. ఇంకా తగ్గిస్తే అది ఐసు కాదు, ఇటుక.

కుల్మత్ అకా అడిగాడు, "ఒకసారి కిందికెళ్లి చూస్తావా? కొత్త మెకానిక్ ఆగస్టుకి గానీ రాడు. ఇప్పుడున్నవాడు బయట స్విచ్చి నొక్కి పోతున్నాడంతే."

"తెర మీద కనిపిస్తోంది కదండీ," అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక కీబోర్డు పక్కకు నెట్టేశాను.

జులై 16

నది అవతలి నుంచి అఫ్ఘాన్ గాలి లేచింది. పొద్దున్నుంచీ దుమ్ము. కిటికీలు తెరిచే వీల్లేదు. 47 డిగ్రీలు.

నాలుగున్నరకు నీళ్లు వేడెక్కాయి. తెర మీద 54 శాతం ఐసు. ఐదింటికి పిల్లల గది ముప్పై మూడు. ఐదుంపావుకి సలోమత్ ఓపా ఫోన్ చెయ్యలేదు. తనే మూడో అంతస్తు ఎక్కొచ్చింది.

పదమూడు వందల గ్రాముల పిల్ల ఉంది. పేరింకా పెట్టలేదు, పుట్టి పన్నెండు రోజులు. ఒళ్లు పొగలు కక్కి ఊపిరి ఆపేసిందట. రెండుసార్లు. అరికాలు తట్టి తట్టి తెప్పించారట. ఐదుగురు పిల్లల్నీ నేలమాళిగలో రక్తం నిల్వ చేసే గదిలోకి మోసుకెళ్లారు. నేనూ వెళ్లాను. నాకూ ఒకర్ని ఇచ్చారు. ఏ పిల్లనో నాకు తెలియదు. చేతిలో బరువే లేదు.

పిల్లలు కుదుటపడ్డాక మెట్ల మీద అందరి ముందూ అరిచింది ఓపా.

"నీ తెర మీద ఐసు ఎవడికి కావాలే? ఆ పిల్ల నాలిక మీద పెడతావా? నా చేతిలో ఆ పిల్ల పోయి ఉంటే ఏమనేదానివి? అంకె సరిచేశానంటావా? నీ మొగుడు పోయాడు, నిజమే, నాకూ కడుపు తరుక్కుపోతోంది. అయితే ఏం, ఆ తొట్టిని కూడా పూడ్చేశామా? దిగెళ్లి చూడు!"

ఆమె మాటల్లో తప్పేమీ లేదు. ఒక్కటి కూడా లేదు.

జులై 17

ఫిల్టర్లన్నీ తీసేసి మొదటి నుంచీ గీత గీయించాను. గీత కాదది, మెట్లు. రోజూ ఉదయం 7:10కి ఒక మెట్టు. రెండేసి మిల్లీమీటర్లు. జూన్ 29 నుంచి ఈ ఉదయం దాకా పందొమ్మిది. ఐసు రోజూ ఒకే నిమిషానికి ఒక్క ఉదుటున కడుతుందా నా తలకాయ! రొద అనుకుని నేనే తుడిచేశాను వాటిని, రోజూ, నా చేతులతో.

ఎవరో నీళ్లు పోస్తున్నారు. తొట్టి వైశాల్యం మీద రెండు మిల్లీమీటర్లంటే పది లీటర్లు. ఒక బకెట్. ఆ నీళ్లను నా మోడల్ ఐసనుకుంది. నిండిందనుకుని కంప్రెసర్‌ను ముందే ఆపేసింది. మట్టం అంత ఉబ్బాలంటే నూటపది కిలోల ఐసు కట్టాలి; బకెట్‌కి అంత ఐసు చొప్పున, పది నిమిషాల చల్లదనం చొప్పున పోయింది. సాయంత్రం మిగిలిన ఐసు అనుకున్నది ఉత్త నీళ్లు. తొట్టిలో ఐసు లేనే లేదు. కరగనిదేదో ఉందని నన్ను నేను నమ్మించుకున్నాను.

వీటికి ముందు ఇంకొక మెట్టు ఉంది. జూన్ 22, మధ్యాహ్నం 2:31.

రాస్తాను. 2:40కి ఫోన్ చేశాడు. "హోసియత్, కిందికి రా, ఒకటి చూపిస్తా," అన్నాడు. నేను అంకెల్లో ఉన్నాను. "నాకిక్కడ తెర మీద కనిపిస్తోందిలే," అన్నాను. నవ్వాడు. "సరేలే, తెరనే తిను," అన్నాడు. అర్థం కాలేదు, అడగలేదు. మూడున్నరకు లాండ్రీ వాళ్లు చూశారు. వెళ్లి ఉంటే బతికేవాడేమో. వెళ్లి ఉంటే కనీసం పక్కనుండేదాన్ని. ఇరవై ఐదు రోజులుగా ఈ ఒక్క మాట రాయకుండా ఉండటానికి ఇన్ని పేజీలు రాశాను.

రేపు ఏడింటికి వెళ్తాను.

జులై 18

ఎనాకు తెలియకుండా ఆరున్నర బస్సెక్కాను. తొట్టి గది తలుపు తెరిచే ఉంది. గడప దగ్గర ఆగి తొంగి చూశాను. లోపల చల్లగా ఉంది, తడి సిమెంటు వాసన.

ఎనా ఉంది. దగ్గరి మూత ఎత్తి, బకెట్ అంచు మీద ఆనించి, బిస్మిల్లా అంటూ నెమ్మదిగా వంచుతోంది. చప్పుడు రాకుండా.

"ఎనా, ఏం చేస్తున్నారు?"

ఉలిక్కిపడలేదు. బకెట్ ఖాళీ అయ్యేదాకా ఆగి బోర్లించింది.

"నా బిడ్డకి దాహం వేస్తుంది కదే. నలభై రోజులు ప్రాణం పోయిన చోటే తిరుగుతారు. ఈ ఎండలో వాడికి నీళ్లెవరిస్తారు?"

"తొట్టిలో ఎందుకు పోస్తున్నారు?"

"మరి నేల మీద పొయ్యనా, నలుగురూ తొక్కడానికి? వాడి తొట్టి ఇది. చల్లగా తాగుతాడని."

బకెట్ పక్కన నేల మీద కూర్చున్నాను. చెప్పాను. ఒక్కో బకెట్ నూటపది కిలోల ఐసు తినేసిందని చెప్పాను.

"చోద్యం కాకపోతే, నీళ్లు పోస్తే ఐసు తగ్గడమేంటే? పెరగాలి గానీ!"

"మీరు పోసిన నీళ్లను మిషన్ ఐసనుకుంది ఎనా."

"నీళ్లకీ ఐసుకీ తేడా తెలీదా దానికి?"

"తెలీదు."

"దానికి తెలీకపోతే నీకు తెలియద్దూ? వాడైతే చెయ్యి పెట్టి చూసేవాడు."

అన్నాక తనే నోటికి తలగుడ్డ అడ్డం పెట్టుకుంది. దాని వెనక నుంచే చిన్నగా అడిగింది, "మొన్న ఆ పసిగుడ్డుకి... అది నా వల్లా?"

"కాదు. నా వల్ల. మీరు రోజూ వచ్చారు. నేనే రాలేదు."

అలా కూర్చునే లెక్కేశాను. అలవాటు కదా, తల తెగినా లెక్క ఆగదు. "నిన్నటికి పందొమ్మిది బకెట్లు పోశారు. ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు. నిన్న సాయంత్రం ఐసంతా కరిగాక కూడా తెర నలభై చూపించింది. ఇంకో బకెట్ ఎవరు పోశారు?"

"ఇంకో బకెట్ లేదు," అంది ఎనా. చేత్తో అటు చూపించింది. "ఆ చివరి మూత ఎత్తి చూడు."

ఎత్తాను. ఉల్లిపాయల వల సంచీలో, తాడుతో కొక్కేనికి కట్టి, నీళ్లలో తేలుతూ, పైన కాస్త తప్ప అంతా మునిగి, ఒక పుచ్చకాయ. చారలది. ఈ కాలపు మొదటి కాయ. పది కిలోలుంటుంది.

"ఆ రోజు బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. 'ఎన్నిసార్లు పిలిచినా మీ కోడలు కిందికి దిగదు ఎనా, దీనికైనా దిగుతుందేమో చూద్దాం' అన్నాడు. మొదటి రోజు నీళ్లు పొయ్యడానికొచ్చినప్పుడే చూశాను."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"నీకని పెట్టింది నేనెలా తీస్తాను? నువ్వు దిగిన రోజు నీకే కనిపిస్తుందిలే అనుకున్నా. నువ్వు దిగితేగా."

నీళ్లలో చెయ్యి పెట్టాను. భుజం దాకా. చుట్ట మీద ఐసు ఒక వేలు మందం కూడా లేదు. చలి ఎముకల్లోకి దిగింది. తీయబుద్ధి కాలేదు.

జులై 19

నిన్న ఇద్దరం కలిసి ఇరవై బకెట్లు తోడేశాం. పుచ్చకాయ తీయలేదు. మోడల్‌లో ఒక పంక్తి చేర్చాను: మట్టం నుంచి ఎప్పుడూ రెండు తీసెయ్యి. కారణం రాసే చోట ఖాళీ వదిలాను. కరిగే వేగం పాత అంకెలోకి తెచ్చాను.

నలభై రోజులకు ఇంకా పన్నెండు మిగిలాయి. ఎనా మానేస్తానంది, వద్దన్నాను. ఉదయం తను ఒక బకెట్ పోసింది. నేను ఒక బకెట్ తోడి లాండ్రీ గుమ్మం దగ్గరి రైహాన్ తులసి మొక్కలకు పోశాను. ఒకటి లోపలికి, ఒకటి బయటికి.

సాయంత్రం ఎనిమిదీ ఐదు దాకా ఐసు వచ్చింది. పిల్లల గది ఇరవై ఐదు. సలోమత్ ఓపా ఫోన్ చేసి, "బతికున్నావన్నమాట," అని పెట్టేసింది.

జులై 21

శుక్రవారం. మూడు వేళ్లు. ఎడమవైపు రెండున్నర.

అతని పుస్తకంలోనే రాశాను, అతని పంక్తి కింద.

జులై 26

8:00. ఒకటి లోపలికి, ఒకటి బయటికి. పేరు లేని పిల్ల పదిహేను వందల గ్రాములు.

జులై 31

ఈ రోజుతో నలభై రోజులు. తెల్లవారగానే మగవాళ్లకు పలావు పెట్టి పంపించేశాం. తర్వాత ఎనా, నేను కలిసి బస్సెక్కాం. ఆమె చివరి బకెట్ పోసింది. నేను చివరి బకెట్ తోడాను. ఆ తర్వాత తాడు విప్పాను.

లాండ్రీ బల్ల మీద మడతపెట్టిన పిల్లల గుడ్డలు పక్కకు జరిపి ఎనా కోసింది. నలభై రోజులు చలిలో నాని లోపల గాజులా అయింది. తీపి సగం పోయింది. గింజలు మాత్రం నల్లగా ఉన్నాయి. "తిను," అంది. తిన్నాను. పళ్లు జిల్లుమన్నాయి. రెండో ముక్క నోట్లో పెట్టుకునేసరికి ఏడుపొచ్చింది. ఇన్నాళ్లదీ ఒక్కసారి. లాండ్రీ ఆడవాళ్లంతా మిషన్లు ఆపి నిలబడ్డారు. ఎనా నన్ను ఊరుకోమనలేదు. ఒక చేత్తో నా మెడ పట్టుకుని, రెండో చేత్తో తనూ తింటూ, తనూ ఏడ్చింది. చెయ్యి చల్లగా ఉంది.

మిగిలిన ముక్కలు సలోమత్ ఓపాకు, బాలింతలకు పంపించాం.

పైకొచ్చి చూశాను. మట్టం రెండు దిగింది. మోడల్‌లోంచి ఆ పంక్తి తీసేశాను. ఇప్పుడు లెక్క సరిగ్గా ఉంది.

తెర మీద కనిపిస్తోందిలే అన్నాను ఆ రోజు. నిజమే, కనిపించింది. రెండు మిల్లీమీటర్లు.